బెలాంగ్ బండి దిగిన సంగతి

బకాఉహెని రేవు, లారీల వరస,
18 సెప్టెంబరు 2018, మంగళవారం, మధ్యాహ్నం.

గౌరవనీయులైన బుస్తమామ్ అన్నకు,

అస్సలాము అలైకుమ్. నీ ఒంట్లో చక్కెర అదుపులో ఉండాలని, ఎల్మి వదిన మోకాళ్ళు ఆవిణ్ణి మెట్లెక్కనిస్తూ ఉండాలని, విల్దా గొంతు ఆ బడిపిల్లలు పూర్తిగా తినేయకుండా ఉండాలని అల్లాను వేడుకుంటూ అస్రిజల్ రాస్తున్న ఉత్తరం. నా సంగతి నువ్వు అడగవు గనుక నేనే చెబుతున్నాను. బాగున్నాను. నడుము పాతదే, నొప్పీ పాతదే.

ఫోను చేస్తే తీయవు. రంజాన్ పండక్కి మీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే నిద్రపోతున్నానని చెప్పించావు. లోపల నువ్వు దగ్గడం నాకు వినబడింది. అందుకని ఉత్తరం. పదహారేళ్ళు ఒకే క్యాబిన్‌లో బతికాం గాని ఒకరికొకరం ఉత్తరం రాసుకోవాల్సిన పని మనకెప్పుడూ పడలేదు. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. ఇది మూడోది. ఇంక ఇది ఎలా వస్తే అలా పంపుతాను.

విల్దా, ఇది నాన్నకి చదివి వినిపించేది నువ్వేనని తెలుసు. నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఓపిక పట్టు. నాన్న మధ్యలో ఆపెయ్యమంటే ఆపెయ్యి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టు. బండి తోలే రోజుల్లో కూడా ఆయన తీరు అదే. పొద్దున కాదన్నదానికి మధ్యాహ్నం టీ తాగాక సరేననేవాడు.

ఇక్కడ సముద్రం బాగాలేదు. అలలు తగ్గేదాకా ఫెర్రీలు కదలవని మైకులో చెబుతున్నారు. నా ముందు ఎన్ని లారీలున్నాయో లెక్కపెట్టడం మానేశాను. ఈసారి లోడు దాల్చినచెక్క, కుళ్ళేది కాదు, కనుక కంగారు లేదు. ఇప్పుడు నాతో తోలే యోండ్రి వెనక పడుకుని గురక పెడుతున్నాడు. స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను.

ముందు ముఖ్యమైన మాట చెప్పాలి, లేకపోతే చివరిదాకా కంగారుపడతావు. మన పిల్లి బెలాంగ్ బతికే ఉంది, బాగానే ఉంది. ఇదిగో, ఇంజను డబ్బా మీద కాళ్ళు కిందకి ముడుచుకుని రొట్టెలా కూర్చుని నన్నే చూస్తోంది. జూలైలో దాన్ని ఈ రేవులోనే పోగొట్టుకున్నాను. ఆ మాట ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది, డ్రైవర్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఎలా పోయిందో, ఎలా దొరికిందో ఇంకొకళ్ళ నోట కాకుండా నా నోట వినాలని రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. అది తర్వాత.

విల్దా, నీకు కొన్ని తెలుసు, కొన్ని తెలియవు. అందుకని మొదట్నుంచీ చెబుతాను. నాన్నకి ఇవన్నీ తెలిసినవే, అయినా వినమను.

పదకొండేళ్ళ కిందట లుబుక్‌లింగౌ దాటాక ఒక హోటలు ముందు బండి ఆపాం. నాన్న స్టెప్నీ టైరు చూద్దామని వంగితే దాని మధ్యలో పిడికెడంత పిల్లికూన. ఒళ్ళంతా చారలు, తోక చివర కొక్కెంలాగా వంకర. హోటలామెకి ఇచ్చేద్దామన్నాను నేను. మాకే ఏడున్నాయి, ఎనిమిదోదాన్ని మీరే ఉంచుకోండి అందావిడ. సరే, ముందు ఊరిదాకా తీసుకెళ్ళి అక్కడ దింపేద్దాం అన్నాడు నాన్న. ఆ ముందు ఊరు పదకొండేళ్ళయినా రాలేదు. చారలది గనుక బెలాంగ్ అని పిలిచాం. మనవైపు ప్రతి మూడో పిల్లి పేరూ అదే, బుర్ర పెట్టి ఆలోచించిన పేరేం కాదు.

లారీలో పిల్లిని పెంచడమంటే వినడానికి ముచ్చటగా ఉంటుంది. మొదటి నెల ప్రతి మలుపుకీ కక్కింది. సీటు వెనక ఇసుక డబ్బా పెట్టాం, అది కడిగే వంతు ఎవరిదని మాకు రోజూ తగువే. ఎండలో దాన్ని క్యాబిన్‌లో వదలకూడదు, అందుకని ఒకరు తింటుంటే ఇంకొకరు దాన్ని ఎత్తుకుని నిలబడాలి. మీ నాన్న తనకి కూర బాగాలేకపోయినా ఊరుకునేవాడు గాని, పిల్లికి సూర చేప తలకాయ లేదంటే మాత్రం హోటలు మార్చేసేవాడు. అట్లా మూడు హోటళ్ళు మార్చాం. కాటా దగ్గర మనుషులు బండి బరువు చూసేముందు క్యాబిన్‌లోకి తొంగిచూసి అమ్మగారు కులాసానా అని అడిగేవాళ్ళు. లోడులో ఎలకలు లేకుండా పోయాయి, అది నిజం. కాని ఎలకల కోసమే పెంచుతున్నామని మేం అందరితో చెప్పింది అబద్ధం.

రెండు చిన్న హారన్లు కొడితే ఎక్కడున్నా వచ్చి బండెక్కడం దానికి నేర్పింది నాన్నే. హారను కొట్టడం, చేపముక్క చూపించడం, నెలరోజులు అదే పని. రోడ్డుమీద పోయేవాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకున్నారు. ఆ తర్వాత ఏ ఊళ్ళో దిగినా, ఏ ఇంటి కప్పుమీద తిరుగుతున్నా, రెండు హారన్లకు పరుగెత్తుకొచ్చేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండేళ్ళ కిందటి సంగతి నీకు తెలుసు విల్దా, అయినా నా వైపునుంచి వినలేదు. మా ఓనరు హాజీ జమారిస్ గారు నాన్నని పిలిచి కంటిడాక్టరు దగ్గరికి పంపారు. లైసెన్సు కోసం ప్రతిసారీ చూపించే డాక్టరు కాదు, బుకిట్టింగిలో వేరే ఆయన. పాత డాక్టరు గోడమీది అక్షరాలు నాన్నకి కంఠతా వచ్చు. కొత్తాయన దగ్గర అక్షరాలు వేరు. చక్కెర కళ్ళకెక్కింది, బండి తోలకూడదని రాసిచ్చాడు. హాజీ గారు ఆ రోజే తాళాలు తీసుకున్నారు. నెల తిరక్కుండా నాన్న సీట్లోకి హాజీ గారి మేనల్లుడు యోండ్రి వచ్చాడు. మనలో మేనమామకి మేనల్లుడు కొడుకుకన్నా ఎక్కువ. చూసేవాళ్ళకి అది ఎలా కనబడాలో అలాగే కనబడింది.

అన్నా, ఆ సాయంత్రం నువ్వు యార్డుకొచ్చి అన్నవి నాకు మాట మాటా గుర్తున్నాయి. వాడు మేనల్లుడి కోసం నా కళ్ళు పొడిచాడు, ఆ తాళాలు వాడి మొహాన కొట్టి నువ్వూ నాతో రారా అన్నావు. నేను రాలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. అయితే బండి నీది, రోడ్డు నీది, నాకు మాత్రం నువ్వు లేవు అన్నావు. అని పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయావు.

తొమ్మిదో రోజున అది మీ ఇంటినుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి యార్డుకొచ్చి మన బండి ముందు టైరు పక్కన కూర్చుంది. కాళ్ళు పగిలి ఉన్నాయి. నేను ఎత్తుకొచ్చి మీ గుమ్మంలో దించితే, తలుపు చాటునుంచే, దానికీ బండే కావాలి, గుడ్డోడు దానికెందుకు, తీసుకుపో అన్నావు. ఆ మాట పిల్లికి కాదు, నాకు తగలాలనే అన్నావు. తగిలింది.

అప్పట్నుంచి అది నా దగ్గరుంది. నాకు ఇల్లు లేదని నీకు తెలుసు. మన మగాళ్ళకి ఇల్లంటే పెళ్ళాం ఇల్లే కదా. రోస్మానితో తెగిపోయాక నా బట్టల సంచీ ఈ బండిలోకెక్కింది, మళ్ళీ దిగలేదు. పొద్దున్నే కడుపుమీదెక్కి నన్ను లేపేది ఈ పిల్లి ఒక్కటే. నేను తినేటప్పుడు దాన్ని ఎత్తుకుని నిలబడేలా యోండ్రిని ఒప్పించడానికి నెల పట్టింది. మొదటి వారమంతా తుమ్ముతూనే ఉన్నాడు. నన్ను పట్టుకుని, అన్నా, మన బండిలో పిల్లి తిరుగుతోందా, పిల్లి బండిలో మనం తిరుగుతున్నామా అని అడిగాడు. ఇప్పుడు ఇసుక డబ్బా వాడే కడుగుతాడు, నేను అడక్కుండానే. నువ్వు ఒప్పుకోవు గాని మంచివాడు. మలుపుల్లో నీ అంత ఒడుపు లేదు, అంతే.

ఇంక జూలై సంగతి. సోలోక్‌లో అవకాడోలు ఎత్తుకుని జకార్తా బయలుదేరాం. ఇక్కడికొచ్చేసరికి ఇలాగే పెద్ద వరస. యోండ్రి టీ కోసం తలుపు తీశాడు, బెలాంగ్ దిగింది. అది ఎప్పుడూ చేసే పనే, టైర్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వస్తుంది. మా వంతు వచ్చింది. రెండు హారన్లు కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. మూడోసారి కొట్టేసరికి వెనకవాళ్ళు తిట్టడం మొదలెట్టారు. బండి వరసలోంచి పక్కకి తీసి ఇద్దరం వెతకడానికి దిగాం.

కాఫీగింజలు తోలే మేడాన్ డ్రైవరు సిటుమొరాంగ్ నీకు గుర్తుండే ఉంటాడు, పొట్ట ముందొచ్చి మనిషి తర్వాత వచ్చేవాడు. ఏం పోయిందిరా అన్నాడు. పిల్లి అన్నాను. పెళ్ళాం పోయినప్పుడు కూడా నువ్విలా టైర్ల కింద దూరలేదే అన్నాడు. అంటూనే తను కూడా ఆ పొట్టతో అవతలి వరస కింద పాకడం మొదలెట్టాడు. ఎవరూ ఇంజను స్టార్టు చెయ్యొద్దని కేకలేశాడు. ఒక్కొక్క క్యాబిన్ తెరిపించి చూశాడు. తిట్టినవాళ్ళే దిగి వెతికారు. ఆ వరసలో ఉన్న లారీలన్నిటి కిందా చూశాం. పక్క వరసలో బళ్ళు అప్పటికే ఫెర్రీ ఎక్కడానికో, ఫెర్రీ దిగి మనవైపు రావడానికో కదిలిపోతున్నాయి, వాటిని ఎవరాపుతారు. పంక్చరు షాపు గోడమీద నా ఫోను నంబరు రాయించాను. తోక చివర వంకర అని కూడా రాయించాను.

మర్నాడు మధ్యాహ్నందాకా ఉన్నాం. ఆ ఎండకి కింది పెట్టెల్లో పండు మెత్తబడుతోందని యోండ్రి ఒకటికి రెండుసార్లు చూసొచ్చాడు. నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు. చివరికి, అన్నా, నువ్వుండు, నేనొక్కణ్ణే దాటిస్తాను అన్నాడు. వాడు రాత్రంతా కన్ను మూయలేదు. అలాంటివాణ్ణి ఒక్కణ్ణే జకార్తాదాకా పంపితే ఏమవుతుందో ఎవరికి తెలియదు. పండు పదిమంది రైతులది, పిల్లి నాది. ఎక్కు, పోదాం అన్నాను.

ఫెర్రీలో బండి దిగి పైకి పోవాలని కుర్రాళ్ళు అరుస్తూనే ఉన్నారు. నేను పోలేదు. రేవు వెనక్కి పోవడం చూడాలనిపించలేదు. కింద చీకట్లో బండిలోనే కూర్చున్నాను. నిన్నూ దాన్నీ ఇద్దర్నీ వదిలేసి పోతున్నది నేనే అన్న మాట అప్పుడు తట్టింది. పెద్ద మాట రాశాను, కానీ తట్టింది అదే.

ఐదో రోజున, మేం తిరిగి రావడానికి సబ్బుల లోడు ఎత్తుతుంటే సిటుమొరాంగ్ ఫోను చేశాడు. నీ చుట్టం దొరికిందిరా అన్నాడు. దాని ఫోటో డ్రైవర్లందరికీ పంపాడట. మార్తాపుర దగ్గర, పాలెంబాంగ్ ముసలాయన సైదీ అని రబ్బరు తోలతాడు, ఆయన బండిలో మహారాణిలా ఊరేగుతోంది, ఆయన మాత్రం అది తన పిల్లేనంటున్నాడు, వెళ్ళి తేల్చుకో అన్నాడు.

వెళ్ళాను. రోడ్డుపక్క హోటల్లో బల్లమీద కూర్చుని ఉన్నాడు ముసలాయన. డెబ్బైకి ఒకటో రెండో తక్కువుంటాయి. పక్కన బెలాంగ్, ఆయన పళ్ళెంలోదే తింటోంది. పిలిచాను. చెవి తిప్పింది గాని తల తిప్పలేదు. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, మీదా అన్నాడు. మాదే మామా అన్నాను. నేను ఎత్తుకురాలేదు నాయనా అన్నాడు. రేవులో క్యాబిన్ తలుపు తీసి మోకాళ్ళకి తైలం రాసుకుంటుంటే తనే ఎక్కి టికెట్టు కొన్నదానిలా కూర్చుందట. దిగమంటే దిగలేదట. వారంరోజులుగా ఆయన చేతి అన్నమే తింటోందట. పేరు కూడా పెట్టుకున్నానన్నాడు. ఏం పేరని అడిగాను. కాసేపు గ్లాసు తిప్పి, మా ఆవిడ పేరు అన్నాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళు.

నాకు దాన్ని ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా కూర్చుని నేనూ అన్నం తిన్నాను. ఆయనే తేల్చాడు. ఎవరిది వాళ్ళకి చేరాలి, నువ్వు దాన్ని ఎలా పిలుస్తావో అలా పిలువు, వస్తే నీది, రాకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. యోండ్రి వెళ్ళి రెండు హారన్లు కొట్టాడు.

వచ్చింది. చేపముక్క పూర్తిగా తిని, మూతి తుడుచుకుని, అప్పుడు వచ్చింది. క్యాబిన్‌లోకి ఎక్కి నా వైపు చూడలేదు. నువ్వు కూర్చునే సీటు వాసన చూసింది. వీపు ఆనే చోటు చూసింది, కింద పెడళ్ళ దగ్గర చూసింది, వెనక పరుపు మీద చూసింది. చూసి, మళ్ళీ దిగి ముసలాయన దగ్గరికి పోయింది. మళ్ళీ హారను కొడితే మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే తంతు. మూడోసారి యోండ్రి తలుపు వేసేశాడు.

ముసలాయన దాని కోసం కొన్న ఎండుచేపల పొట్లం తెచ్చి కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. ఆయన చెయ్యి దగ్గరికొచ్చినప్పుడు తెలిసింది. పచ్చసీసా తైలం. నేనెరిగిన నాటినుంచి నువ్వు మెడకి రాసుకునేది. నేను రాసుకోను, యోండ్రికి ఆ ఘాటు పడదు. అది నీకోసమే వెతికిందని నేననను. పిల్లి మనసులో ఏముందో నాకేం తెలుసు. వాసన ఒకటే అని మాత్రం చెబుతున్నాను. ముసలాయన తలుపుమీద రెండుసార్లు తట్టి, ఎక్కడికి చేరాలో అక్కడికి చేర్చు, ఊరికే తిప్పకు అన్నాడు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆగుతానని మాటిచ్చాను. ఇప్పటికి రెండుసార్లు ఆగాను. ఆ హోటల్లో నాలుగైదు పిల్లులుంటే ఒకదాన్ని ఆయనకి అంటగట్టాను గాని దానికి పేరు పెట్టలేదాయన.

అప్పట్నుంచి బెలాంగ్ పాత బెలాంగ్ కాదు. ఎక్కడ బండి ఆగినా దిగుతుంది. దిగి పక్క లారీల దగ్గరికి పోయి, తల పైకెత్తి క్యాబిన్‌లోకి చూస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి. తాడు కట్టాను. ఒక తాడు కొరికేసింది, రెండోది కొరుకుతోంది. వయసైంది, ఎగిరేటప్పుడు వెనక కాళ్ళు తడబడుతున్నాయి. సోలోక్‌లో పశువుల డాక్టరుకి చూపిస్తే, మూత్రపిండాలు నీరసించాయి, ఈ కుదుపులు ఇంక తట్టుకోలేదు, ఒకచోట ఉంచండి అంది ఆవిడ. నాకు ఒకచోటు ఎక్కడుంది.

ఇప్పుడు ఆ ఇంకో సంగతి.

పోయిన నెల హాజీ జమారిస్ గారు పోయారు. పొద్దున నమాజుకి లేచి, వజూకి కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ అలాగే ఒరిగిపోయారట. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను, పాడె పట్టాను. నువ్వు రాలేదు. వదిన వచ్చింది, వంటింట్లో అందరితో పాటు చెయ్యేసింది. జనాజా లేపేముందు ఆయన పెద్దకొడుకు నిలబడి, మా నాన్న నోటివల్ల గాని చేతివల్ల గాని ఎవరికైనా బాధ కలిగుంటే మన్నించి పంపండి అని అడిగాడు. అందరం మన్నించామన్నాం. వదిన తల వంచుకుని నిలబడింది. తర్వాత గేటు దగ్గర నన్నాపి, మీ అన్న మన్నించననే అన్నాడు తమ్ముడూ, ఆ సంగతి అల్లా ముందే తేల్చుకుంటానన్నాడు, చచ్చినవాడి మీద అంత పట్టుదల ఎందుకంటే నా మీద ప్లేటు విసిరాడు అని చెప్పి కళ్ళు తుడుచుకుంది. అది విన్నప్పట్నుంచి స్టీరింగు పట్టుకున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే.

అందుకని నేను అనుకున్నది ఇది. ఈ లోడు దింపి వచ్చేసరికి వచ్చే వారం అవుతుంది. 28వ తారీకు శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక బెలాంగ్‌ని తీసుకుని మీ ఇంటికొస్తాను. ఈసారి దాన్ని తిరిగి తీసుకుపోను. మొదట్లో యార్డుకి పరుగెత్తుతుందేమో, పదిరోజులు తలుపులు వేసి ఉంచండి. చేప ఉప్పు లేకుండా ఉడకబెట్టాలి, ముళ్ళు తీయాలి, దానికి పళ్ళు మూడే మిగిలాయి. నీళ్ళు గిన్నెలో తాగదు, ప్లాస్టిక్ మగ్గులోనే తాగుతుంది, అది కూడా తెస్తాను. నీ కాళ్ళకి అడ్డం పడుతుందని మెడకి చిన్న గజ్జె కట్టాను. ఎటునుంచి వస్తోందో నీకు వినబడుతుంది. మొదటి రోజు దానికి ఆ గజ్జె నచ్చలేదు, ఇప్పుడు అలవాటుపడింది.

నేను గుమ్మం దగ్గరే ఉంటాను. లోపలికి రమ్మంటే వస్తాను. వద్దంటే విల్దా చేతికిచ్చి వెళ్ళిపోతాను. నిద్రపోతున్నావని చెప్పించినా పిల్లిని మాత్రం తీసుకో.

మైకులో మా వరస కదలమంటున్నారు. యోండ్రి లేచి టీ అడుగుతున్నాడు. ఈ ఉత్తరం గేటు దగ్గర పోస్టులో వేసి ఫెర్రీ ఎక్కుతాను. వదినకు నా సలాములు. విల్దాకు దీవెనలు.

ఇట్లు,
పదహారేళ్ళు నీ పక్కసీట్లో కూర్చున్న
అస్రిజల్

తా.క. విల్దా, ఇక్కడ కాస్త ఆగు. నాన్నకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అప్పుడు చదువు. అమ్మ పక్కనుంటే మరీ మంచిది.

అన్నా, నీ కళ్ళ సంగతి హాజీ గారు తనంతట కనిపెట్టలేదు. నేను చెప్పాను. నువ్వు పాత డాక్టరు అక్షరాలు కంఠతా పట్టావని కూడా నేనే చెప్పాను, అందుకే వేరే డాక్టరు దగ్గరికి పంపారు. నా పేరు బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. అప్పటికి ఆయనకి మేనల్లుడి ఊసే లేదు. యోండ్రి అప్పుడు పెకన్‌బారులో సొంతంగా టీకొట్టు నడుపుకుంటున్నాడు, డ్రైవరు దొరక్క పిలిపించారు. నువ్వు బజార్లో నిలబడి తిట్టినవన్నీ ఆయన విన్నారు. ఒకసారి నాతో, ఇంకా ఎన్నాళ్ళురా అని మాత్రం అడిగారు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఎందుకు చెప్పానో రాస్తాను. ఆ ఏడు సెప్టెంబరులో లాహత్ దాటాక, పొద్దున ఏడింటికి, నువ్వు తోలుతున్నావు. నేను చెయ్యి చాపి స్టీరింగు లాగేశాను, బండి పక్క కాలవలోకి ఒరిగింది. ఏమైందిరా అన్నావు. కుక్క అడ్డమొచ్చిందన్నాను. కుక్క కోసం బండి బోల్తా కొట్టిస్తావా అని మార్తాపురదాకా నన్ను వెక్కిరించావు. కుక్క కాదు అన్నా. బడికి పోయే పిల్ల. తెల్లచొక్కా, చిన్నబడి ఎర్రపావడా, సరిగ్గా మన ముందు, పట్టపగలు. నీకు కనబడలేదు. బ్రేకుమీద కాలు కూడా వెయ్యలేదు నువ్వు. ఆ పిల్ల రోడ్డు అవతల కూర్చుండిపోయింది, నేను వెళ్ళి లేపి పుస్తకాలు ఏరిచ్చి వచ్చాను. కుక్క ఎటు పోయిందో చూడటానికి దిగానని నీకు చెప్పాను.

ముందు నీకు చెప్పాల్సింది. ఆ రోజే, ఆ రోడ్డుమీదే చెప్పాల్సింది. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక వెనకనుంచి ఓనరుకి చెప్పాను. చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను, అవసరమైతే మళ్ళీ చెబుతాను. నీకు చెప్పకుండా చెప్పడం, రెండేళ్ళు ఇంకొకరి మీద పడనివ్వడం, అది నా తప్పు. హాజీ గారిని అన్న మాట వెనక్కి తీసుకో. నన్ను మన్నించడం, మానడం నీ ఇష్టం. శుక్రవారం మాత్రం వస్తాను.

ఆ పిల్ల ఇల్లు రోడ్డు పక్కనే. అటు పోయినప్పుడల్లా అక్కడ బండి నెమ్మది చేస్తాను. నిన్న పొద్దున గేటు దగ్గర నిలబడి జడ వేయించుకుంటోంది. పెద్ద బడిలో చేరినట్టుంది, ఈసారి పావడా నీలంది.